క్యాన్సర్ పేషెంటును ఇంట్లో చూసుకుంటున్నారా? మీ మీద పడ్డ బరువును కొలిచి, పంచే పద్ధతి

ఊరు మారుతుంది, చుట్టరికం మారుతుంది, అడిగేది మాత్రం ఒకటే. “అత్తకు కీమో నడుస్తోంది, చూసుకునేదాన్ని నేనొక్కదాన్నే. నాకే ఏదో అయ్యేటట్టుంది. ఏం చేయాలి?” కావలి నుంచి కోడలు అడుగుతుంది. మార్కాపురం నుంచి కొడుకు అడుగుతాడు. గూడూరు నుంచి రిటైరైన భర్త అడుగుతాడు. అడిగాక అందరూ ఒక మాట కలుపుతారు: “జబ్బు వాళ్ళది, నా బాధ చెప్పుకోవడం తప్పేమో.”

తప్పేమీ కాదు. జబ్బు సంగతి, మందుల సంగతి మీ డాక్టరు చూసుకుంటారు. ఇది చూసుకునే మనిషి కోసం రాసింది. నేను చూసినంతలో ఆ మనిషి చతికిలపడేది ప్రేమ చాలకా కాదు, ఓపిక చాలకా కాదు. ఇరవై రకాల పనులు ఒక్కరి నెత్తిన పడి, అవి ఆ ఒక్కరి బుర్రలో తప్ప ఎక్కడా రాసి లేకపోవడం వల్ల. అందుకే కింది పద్ధతిలో సగం పని పెన్నుతోనే.

కావాల్సినవి

- ఒక పెద్ద నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను. దారం సంగతి తేలిగ్గా తీసుకోకండి. పెన్ను వెతుక్కోవాల్సి వచ్చిన రోజే రాయడం ఆగిపోతుంది.
- పెద్ద గళ్ళున్న గోడ క్యాలెండరు.
- డిజిటల్ థర్మామీటరు.
- పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని గళ్ళున్న మాత్రల డబ్బా. నోటితో వేసుకునే కీమో మాత్రలుంటే వాటిని మాత్రం స్ట్రిప్పులోంచి తీసి ఇందులో పోయకండి.
- వాడి పారేసే చేతి తొడుగులు.
- రిపోర్టులకు ఒక ఫైలు, జిరాక్సులకు ఇంకో ఫైలు.
- పేషెంటు చేతికి అందేలా ఒక గంట. పూజ గదిలోది అయినా చాలు, రిమోట్ కాలింగ్ బెల్ అయితే ఇంకా మంచిది.

1. ముందు మీ బరువు కొలుచుకోండి

ఆదివారం అనుకుంటే ఆదివారం, ప్రతి వారం ఒకే రోజు ఈ ఆరు ప్రశ్నలకు మార్కులు వేసుకోండి. అసలు లేదు అంటే 0, అరుదుగా 1, అప్పుడప్పుడు 2, తరచుగా 3, దాదాపు రోజూ అంటే 4.

- రాత్రి వరసగా నాలుగు గంటలైనా పడుకోలేకపోయానా?
- నా తిండి, స్నానం, నా సొంత బీపీ మాత్ర వాయిదా పడ్డాయా?
- పేషెంటునో పిల్లల్నో ఊరికే కసురుకున్నానా?
- డబ్బు గుర్తొచ్చి గుండె దడదడలాడిందా?
- ఇంటినిండా మనుషులున్నా నేనొక్కదాన్నే అనిపించిందా?
- ఇంకెన్నాళ్ళు లాగగలను అనిపించిందా?

మొత్తం 24కి ఎంతొచ్చిందో తేదీ వేసి రాసి పెట్టండి. ఇది ఇంట్లో వాడుకునే కొలత, పరీక్ష కాదు, పాస్ మార్కు లేదు. పోయిన వారం మీతో ఈ వారం మిమ్మల్ని పోల్చుకోవడానికే. డాక్టర్లు, పరిశోధకులు వాడేవి వేరే ఉన్నాయి. చూసుకునేవాళ్ళ భారాన్ని కొలిచే జారిట్ ప్రశ్నావళిలో 22 ప్రశ్నలు, మొత్తం 88 మార్కులు. క్యాన్సర్ పేషెంట్లను చూసుకునేవాళ్ళ జీవితం ఎలా ఉందో కొలవడానికే 35 ప్రశ్నలతో ఇంకోటి ఉంది. అందులో భారం, డబ్బు చిక్కులతోపాటు ఈ కాలంలో మనిషికి మనిషి దగ్గరయ్యారా అన్నదీ అడుగుతారు. అదీ లెక్కలోకి వస్తుందని గుర్తుంచుకోండి.

ఇంకో రెండు ప్రశ్నలు విడిగా రాసుకోండి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? దిగులుగా, దారి లేనట్టుగా అనిపించిందా? ఒక్కోదానికి: లేదు 0, కొన్ని రోజులు 1, సగం కంటే ఎక్కువ రోజులు 2, దాదాపు రోజూ 3. రెండూ కలిపి 3 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుకు చెప్పుకోవాల్సిన సంగతే. టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మార్కులు పక్కన పెట్టండి. ఇప్పుడే ఆ నంబరుకు చేయండి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. పేషెంటు ఎదురుగా కూర్చుని రాయడం, అప్పుడు అన్నీ సున్నాలే పడతాయి. కీమో ఎక్కించిన మర్నాడు రాయడం, అప్పుడు అన్నీ నాలుగులే.

2. పనులన్నీ కాగితం మీద పెట్టండి

“వంట, మందులు, ఆసుపత్రి” అని మూడు ముక్కలు రాసి వదిలేయకండి. ఆసుపత్రి ఒక పని కాదు. టోకెన్ తీయడం, రక్తపరీక్ష రిపోర్టు తెచ్చుకోవడం, ఆరోగ్యశ్రీ కౌంటరు దగ్గర నిలబడటం, పేషెంటుకు ఇడ్లీ తేవడం, బయట అంత దూరాన పార్క్ చేసిన ఆటో అతన్ని పిలవడం, ఇవన్నీ వేర్వేరు పనులు. ఇద్దరు ముగ్గురు చేయగలిగినవి. విడగొడితేనే పంచగలం.

రెండు రోజులు చేసే ప్రతి పనీ చేసిన వెంటనే రాసేయండి. రాత్రి లేచినవి కూడా. చుట్టాల ఫోన్లకు “ఎట్లా ఉంది” అని సమాధానం చెప్పడం కూడా. అది పనే, రోజులో ఒక గంట తినేస్తుంది.

తర్వాత ప్రతి పని పక్కన ఒక అక్షరం వేయండి. మీరే చేయాల్సినదానికి ‘నా’. ఇంకొకరు చేయగలిగినదానికి ‘ఇ’. అసలు మానేసినా నష్టం లేనిదానికి ‘మా’. చాలామంది మొదటిసారి అన్నింటికీ ‘నా’ వేస్తారు. అలా వేస్తే మర్నాడు మళ్ళీ చూడండి. ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం లాంటివి, పేషెంటు ఎవరి చేత చేయించుకోవడానికి ఇష్టపడతారో వాళ్ళవి. మందుల షాపుకు వెళ్ళడం మాత్రం ఎవరిదైనా కావచ్చు.

‘మా’ కిందకు వచ్చేవి తక్కువేం కాదు. పేషెంటుకు వేరే కంచం, వేరే గ్లాసు, వాటికి వేరే తోముడు చాలా ఇళ్ళల్లో నడుస్తోంది. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు, ఆ పని ఆపేయండి. బయటి మిషన్‌తో కరెంటు (రేడియేషన్) పెట్టించుకుని వచ్చిన మనిషి దగ్గరికి పిల్లల్ని పోనివ్వకుండా కాపలా కాయడమూ అంతే. ఆ మనిషి ఒంట్లోంచి ఏ కిరణాలూ బయటికి రావు.

3. ఒక్కో పనికి ఒక్కో మనిషిని అంటగట్టండి

అన్నింటికంటే కష్టమైన మెట్టు ఇదే. “ఏమైనా కావాలంటే చెప్పమ్మా” అని అందరూ అంటారు, ఎవరూ అబద్ధం చెప్పరు. కానీ ఏం కావాలో అడగాల్సిన బాధ్యత మళ్ళీ మీదే అవుతుంది. అడగడానికి మొహమాటం, అడగకపోతే కోపం. ఈ చిక్కు తెగాలంటే అడిగేటప్పుడు పని, రోజు, టైము మూడూ చెప్పాలి.

ఇలా అడగకండి: “వదినా, కొంచెం వచ్చి పోతుండు.”

ఇలా అడగండి: “వదినా, ఈ మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా అత్త దగ్గర కూర్చుంటావా? అన్నం నేను పెట్టే వెళ్తా. నువ్వు మూడింటికి మాత్ర ఒకటి ఇస్తే చాలు.”

రెండో మాటకు అవును కాదు అని చెప్పక తప్పదు. కాదన్నా ఫర్వాలేదు, ఇంకొకరిని అడగొచ్చు.

ఒక ఇంటిని అనుకుందాం. అల్లూరు వైపు ఊరు, అత్తకు చెన్నైలో 21 రోజులకోసారి కీమో. కొడుక్కి రొయ్యల గుంటలు. ఆడబిడ్డ ఒంగోలులో, మరిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చూసేది కోడలు. ఈ ఇంట్లో మామూలుగా ఏమవుతుందో మీకు తెలుసు. కొడుకు రాత్రి గుంటల దగ్గరుంటాడు, మరిది డబ్బు పంపి ఊరుకుంటాడు, ఆడబిడ్డ ఫోన్ చేసి “అమ్మకు రాగిజావ ఇస్తున్నావా” అని అడుగుతుంది.

ఇప్పుడు పంచి చూద్దాం. తెల్లవారుజామున ఏరియేటర్లు (గుంట నీళ్ళకు గాలి అందించే మిషన్లు) ఆగితే గుంటంతా పోతుంది, కాబట్టి కొడుకును రాత్రి లెక్కలో వేయకండి. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా మాత్రం అతనిదే, ఆ మూడు గంటలూ కోడలు పడుకుంటుంది. మరిదికి కాగితాల పని: అపాయింట్‌మెంట్లు, రిపోర్టులు స్కాన్ చేసి ఫోన్‌లో వరసగా పెట్టడం, బిల్లుల లెక్క, చుట్టాలకు వారానికోసారి ఒకే మెసేజీ. ఇవన్నీ బెంగళూరులో కూర్చుని చేయొచ్చు, పైగా కోడలికంటే బాగా చేస్తాడు. ఆడబిడ్డ ప్రతి విడతలో కీమో తర్వాత మొదటి మూడు రోజులు వచ్చి ఉంటుంది, ఎందుకంటే వాంతులు, నీరసం ఎక్కువగా ఉండేవి అవే. ఆ మూడు రోజులూ వంటిల్లు ఆమెదే. రాగిజావ సంగతి అప్పుడు ఆమే చూసుకుంటుంది!

పొగాకు పండించే ఇళ్ళల్లో బ్యారన్ కాల్చే (కొట్టంలో ఆకు ఆరబెట్టే) రోజులకూ ఇంతే. ఆ వారాల్లో మగవాళ్ళు రాత్రి దొరకరని ముందే తెలుసు కాబట్టి క్యాలెండరులో ముందే గుర్తు పెట్టి, అప్పటికి పిన్నమ్మనో పెద్దమ్మనో మాట్లాడి పెట్టుకోండి.

ఎవరూ లేని ఇళ్ళూ ఉన్నాయి. భార్యాభర్తలిద్దరే, పిల్లలు దేశంలో లేరు. అప్పుడు ఉన్న దారులు: రోజుకు కొన్ని గంటలకు ఆయాను పెట్టుకోవడం, విదేశంలో ఉన్న పిల్లలు డబ్బు పంపేది దీనికే అని తేల్చి చెప్పడం. ఊళ్ళో ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు ఇంట్లో క్యాన్సర్ పేషెంటు ఉన్నారని తెలియజేయడం. పక్కింటివాళ్ళను పెద్ద పని అడగకుండా, రోజూ ఒకే చిన్న పని అడగడం. సాయంత్రం ఆరింటికి ఒకసారి తలుపు తట్టి పొమ్మన్నా చాలు, రాత్రికి ముందు ఇంకో మనిషి మొహం చూసినట్టుంటుంది.

ఈ మెట్టు పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది? క్యాలెండరు చూడండి. రాబోయే ఏడు రోజుల్లో కనీసం మూడు గళ్ళల్లో మీ పేరు కాకుండా ఇంకో పేరు ఉండాలి. లేకపోతే మీరు పంచలేదు, పంచాలని అనుకున్నారంతే.

ఒక హెచ్చరిక. పని ఇచ్చాక అది మీ పద్ధతిలో జరగదు. మరిది ఫైలు మీకు నచ్చినట్టు ఉండదు, ఆడబిడ్డ చారులో ఉప్పు ఎక్కువవుతుంది. ప్రాణానికి సంబంధించిన మందు, జ్వరం, పడిపోకుండా చూడటం ఈ మూడింట్లో తప్ప మిగతావాటిలో సరిదిద్దకండి. సరిదిద్దితే వాళ్ళు రెండోసారి రారు.

4. దాచే పని తగ్గించుకోండి

మన ఇళ్ళల్లో లెక్కలోకి రాని పెద్ద బరువు ఇది. “నాయనకు క్యాన్సర్ అని చెప్పలేదు, గడ్డ అని చెప్పాం.” ఇక ఆ రోజు నుంచి రిపోర్టులు దాచాలి, ఆసుపత్రి బోర్డు కనపడకుండా కార్లో అటు పక్కన కూర్చోబెట్టాలి, పరామర్శకు వచ్చినవాళ్ళను గుమ్మంలోనే ఆపి చెప్పాలి, ఆయన ముందు నవ్వాలి. కీమో వార్డులో చుట్టూ ఉన్నవాళ్ళను చూసి ఆయనకు ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. ఆయన మీ కోసం, మీరు ఆయన కోసం నటిస్తూ ఉంటారు.

గబుక్కున చెప్పేయమని కాదు. ఇలా మొదలుపెట్టండి: “నాయనా, డాక్టరు గారు ఏం చెప్పారని నీకనిపిస్తోంది?” ఆయన చెప్పేది వినండి. తర్వాత, “ఇంకా ఏమైనా తెలుసుకోవాలని ఉందా, లేక అవన్నీ మేం చూసుకోమంటావా?” రెండో మాటకు “మీరే చూసుకోండి” అంటే అది ఆయన నిర్ణయం, దాన్ని గౌరవించండి. తెలుసుకోవాలని ఉందంటే తర్వాతి సారి డాక్టరు గది లోపలికి ఆయన్ని కూడా తీసుకెళ్ళండి. మీరొక్కరే ఇంట్లో పెద్దవాళ్ళను ఎదిరించి చేయాల్సి వస్తే, ఆ మాట డాక్టరు చేతే అనిపించండి. ముందుగా నర్సుతో “ఆయనకు తెలియదు, ఎలా చెప్పాలి” అని ఒక్క మాట వేస్తే దారి దొరుకుతుంది.

5. రాత్రులు సర్దండి

మిగతా అన్నీ ఒక ఎత్తు, నిద్ర ఒక ఎత్తు. వరసగా నాలుగైదు గంటల నిద్ర వారంలో కనీసం కొన్ని రాత్రులైనా దొరికేలా చూడాలి.

మొదట, ఎందుకు లేస్తున్నారో మూడు రాత్రులు రాయండి. నొప్పికా, మూత్రానికా, దాహానికా, భయానికా? కారణాన్ని బట్టి మందు.

నొప్పికి లేస్తుంటే, మాత్ర నొప్పి వచ్చాక ఇస్తున్నారేమో చూడండి. క్యాన్సర్ నొప్పి మాత్రలు డాక్టరు రాసిన గంటలకు, నొప్పి ఉన్నా లేకపోయినా ఇవ్వాలి. టైముకు ఇస్తూ ఉన్నా నొప్పితో లేస్తుంటే ఆ సంగతి రాసి డాక్టరుకు చెప్పండి, డోసు మారుస్తారు. మీ అంతట మీరు పెంచకండి. మార్ఫిన్ రాస్తే “ఇక ఆఖరు మందు ఇచ్చేశారు” అని ఇల్లంతా ఏడుస్తుంది. అది నొప్పి మందు, ట్రీట్‌మెంట్ మధ్యలో కూడా ఇస్తారు. దానితో మలబద్ధకం దాదాపు తప్పదు కాబట్టి విరేచనానికి కూడా మందు రాశారో లేదో అడిగి తెచ్చుకోండి. ఈ ఒక్క సంగతి మర్చిపోయి మూడు రోజులు కడుపు బిగిసి, దాంతో ఇంటిల్లిపాదికీ నిద్ర పోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. మనిషిని లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, ఊపిరి బాగా నెమ్మదించినా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి.

మూత్రానికైతే మంచం పక్కనే పాన్ గానీ యూరినల్ గానీ పెట్టండి, దారిలో చిన్న లైటు వేసి ఉంచండి. కీమో తర్వాత నీళ్ళు బాగా తాగమంటారు. ఆ తాగేది పగలే ఎక్కువ అయ్యేటట్టు చూడండి.

భయానికి లేస్తుంటే గంట పని చేస్తుంది. చేతిలో గంట ఉంటే మీరు అదే గదిలో, అదే మంచం కింద చాప వేసుకుని పడుకోవాల్సిన పని లేదు. పక్క గదిలో పడుకున్నా మోగితే వస్తారని వాళ్ళకు తెలుస్తుంది. మొదటి రెండు రాత్రులు ఊరికే మోగిస్తారు. వెళ్ళండి, విసుక్కోకండి. నమ్మకం కుదిరాక తగ్గుతుంది.

ఇద్దరుంటే రాత్రిని రెండుగా కోయకండి, రాత్రిళ్ళను పంచుకోండి. పన్నెండింటిదాకా నువ్వు, తర్వాత నేను అంటే ఇద్దరికీ సగం సగం నిద్రే. ఈ రాత్రి నీది, రేపు నాది అంటే ఒకరైనా తెల్లారేదాకా పడుకుంటారు.

6. నోటుబుక్కు, థర్మామీటరు

రోజుకు అయిదు మాటలు చాలు: జ్వరం, తిన్నది, విరేచనం, నొప్పి పదికి ఎంత, కొత్తగా ఏమైనా. డాక్టరు గదిలో మీకు దొరికేది కొన్ని నిమిషాలు. “బాలేదు సార్” అంటే ఆయనకు ఏమీ అర్థం కాదు. “మూడు రోజుల నుంచి విరేచనం లేదు, నిన్న రాత్రి నొప్పి ఏడు” అంటే వెంటనే మందు రాస్తారు. అడగాల్సిన ప్రశ్నలు మూడింటికి మించకుండా పై పేజీలో రాసుకుని వెళ్ళండి.

కీమో నడుస్తుండగా టెంపరేచరు 100.4 డిగ్రీలు గానీ పైన గానీ ఉంటే అది ఎమర్జెన్సీ. కీమో తర్వాత వారం, రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి, అప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదకు తెస్తుంది. ఎక్కువమంది చేసే తప్పు: ఒళ్ళు వెచ్చగా ఉందని కొలవకుండానే పారాసెటమాల్ వేసి తెల్లారాక చూద్దాం అనుకోవడం. మాత్ర జ్వరాన్ని కప్పేస్తుంది, లోపలిది పెరుగుతూనే ఉంటుంది. ముందు కొలవండి, తర్వాత ఆసుపత్రికి ఫోన్, ఆ తర్వాతే మాత్ర. ఆ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, మీరు లేనప్పుడు ఉన్న మనిషికి కనపడాలి. రాత్రిపూట దూరం ఊళ్ళవాళ్ళు, ఉదయగిరి, కనిగిరి వైపువాళ్ళు, చెన్నై డాక్టరు ఫోన్ ఎత్తేదాకా కాచుకోకండి. 108కి చేసి దగ్గరున్న పెద్ద ఆసుపత్రికి వెళ్ళండి, “కీమో అయ్యి ఇన్ని రోజులు, జ్వరం ఇంత” అని మొదటి మాటగా చెప్పండి, ఫైలు చేతిలో ఉండాలి.

7. ఒంటి పనిలో మీ నడుము కాపాడుకోండి

పేషెంటును పైకి జరపాలంటే చంకల్లో చేతులు పెట్టి లాగకండి. ఒక దుప్పటిని నాలుగు మడతలు వేసి నడుము నుంచి భుజాల దాకా కింద పరిచి, ఇద్దరు చెరో పక్క పట్టుకుని జరపండి. ఒక్కరే ఉంటే మోకాళ్ళు వంచి, నడుము నిటారుగా ఉంచి పక్కకు తిప్పడం వరకే చేయండి, ఎత్తే ప్రయత్నం వద్దు.

మంచం దిగలేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పిరుదుల పైన, మడమల దగ్గర ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎరుపెక్కితే ఇంకా ఫర్వాలేదు. నొక్కినా ఎరుపు పోకపోతే పడక పుండు మొదలైనట్టే, నర్సుకు చూపించండి. అక్కడ రుద్దకండి.

కీమో ఎక్కించాక 48 గంటలు వాంతి, మూత్రం ముట్టుకోవాల్సి వస్తే తొడుగులు వేసుకోండి, తడిసిన బట్టలు విడిగా ఉతకండి, టాయిలెట్లో రెండుసార్లు నీళ్ళు వదలండి. గర్భిణులకు ఈ పని ఇవ్వకండి.

వంట గురించి ఒక్క మాట. మనవైపు పులుసులో కారం లేకపోతే ముద్ద దిగదు, నోరు పూసినవాళ్ళకు ఆ కారం నిప్పే. దానికోసం రెండు వంటలు చేస్తూ అలిసిపోకండి. పప్పు ఉడికాక కారం, చింతపండు, తాలింపు వేయకముందే ఒక గిన్నెడు తీసి పక్కన పెట్టండి, అందులో ఉప్పూ నెయ్యీ వేస్తే పేషెంటు పప్పు తయారు. నోటి పూతకు గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో పావు చెంచా తినే సోడా, అందులో సగం ఉప్పు వేసి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించమనండి. మింగకూడదు.

8. ప్రయాణాలు, కాగితాలు, డబ్బు

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి చెన్నైకి, తిరుపతికి, గుంటూరుకు తిరగడమే సగం జబ్బు. రైల్వే రాయితీ ఉందని చాలామందికి తెలియదు, తెలిసినవాళ్ళు పేషెంటుకే అనుకుంటారు. తోడు వెళ్ళేవాళ్ళకు కూడా ఉంది. చికిత్సకు, చెకప్‌కు వెళ్ళే క్యాన్సర్ పేషెంటుకు స్లీపర్, థర్డ్ ఏసీలో 100 శాతం, తోడు ఒకరికి 75 శాతం. సెకండ్ క్లాసు, ఏసీ చెయిర్ కార్‌లో ఇద్దరికీ 75 శాతం. అంటే పగటిపూట పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళినా వర్తిస్తుంది. చికిత్స చేస్తున్న ఆసుపత్రి నుంచి రైల్వే నమూనాలో సర్టిఫికెట్ తీసుకుని స్టేషన్ కౌంటరులో టికెట్ కొనాలి. ఫోన్‌లో బుక్ చేసుకుంటే రాయితీ రాదు. సర్టిఫికెట్ జిరాక్సులు నాలుగు తీసి పెట్టండి.

ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న ఆరోగ్యశ్రీ కింద చేరాలనుకుంటే, ఆసుపత్రికి వెళ్ళాక కాదు, బయల్దేరే ముందే 104కి ఫోన్ చేసి ఆ ఆసుపత్రి జాబితాలో ఉందా, మీకు రాసిన చికిత్స అక్కడ దాని కింద చేస్తారా అని అడగండి. ఒక ఆసుపత్రి ఉండటం వేరు, అందులో మీ చికిత్స ఉండటం వేరు. లోపల వైద్యమిత్ర (ఆ పథకం పనులు చూసే మనిషి) కౌంటరులో ముందుగా మాట్లాడితే తర్వాత తిరుగుడు తగ్గుతుంది.

ప్రతి బిల్లూ ఒరిజినల్ దాచండి. ముఖ్యమంత్రి సహాయనిధికి మీ ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకోవాలంటే అవే అడుగుతారు. ఇంట్లో ఎవరైనా పాత పద్ధతిలో (ఓల్డ్ రెజీమ్) ఆదాయపన్ను కడుతుంటే క్యాన్సర్ చికిత్స ఖర్చుకు 40,000 రూపాయల దాకా, పేషెంటుకు 60 ఏళ్ళు నిండితే లక్ష దాకా తగ్గింపు ఉంది. ఈ కాగితాల పని బెంగళూరు మరిదికి ఇవ్వాల్సినదే.

కరెంటు పెట్టడం సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున కొన్ని వారాలు నడుస్తుంది. అన్ని వారాలూ ఒకే మనిషి లాడ్జిలో ఉండిపోకండి. శనివారం ఒకరు దిగి ఒకరు ఎక్కేటట్టు వారాలు పంచుకోండి. మారేటప్పుడు నోటుబుక్కు చేతులు మారాలి, అరగంట కూర్చుని చెప్పుకోవాలి.

9. పరామర్శలకు టైము పెట్టండి

మనవాళ్ళు పలకరించకపోతే తప్పు, పలకరిస్తే ఒక్కరు కాదు జీపు నిండా వస్తారు. కాఫీలు, టిఫిన్లు, “మా ఊళ్ళో ఒకాయనకు ఇదే జబ్బు, ఆర్నెల్లే” అనే కథలు. తలుపు మీద కాగితం అంటించండి: “పలకరింపు సాయంత్రం 5 నుంచి 6. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవాళ్ళు ఫోన్‌లో పలకరించండి. డాక్టరు గారి సలహా.” చివరి మాట ముఖ్యం. మీరు చెప్తే పొగరు, డాక్టరు చెప్తే సరే. పసరు మందులు, వేరే ఊరి వైద్యుడి పొట్లాలు తెచ్చేవాళ్ళతో వాదించకండి. తీసుకుని పక్కన పెట్టి, కీమో డాక్టరుకు చూపించాకే ఇస్తామని చెప్పండి.

10. రెండు వారాలకోసారి లెక్క చూసుకోండి

మొదటి మెట్టులోని ఆరు మార్కులు పక్కపక్కన పెట్టండి. మొత్తం చూడటం కంటే ఏ ప్రశ్నకు మార్కు తగ్గలేదో చూడండి. నిద్రది తగ్గకపోతే అయిదో మెట్టుకు, డబ్బుది తగ్గకపోతే ఎనిమిదికి, ఒంటరితనానిది తగ్గకపోతే మూడుకు, నాలుగుకు వెనక్కి వెళ్ళండి.

అన్నీ పెరుగుతుంటే పేషెంటు పరిస్థితి మారిందేమో చూడండి. అలాంటప్పుడు పాత పంపకం సరిపోదు. ఇల్లంతా ఒకసారి కూర్చుని మళ్ళీ పంచుకోవాలి. మీ బీపీ, షుగరు చూపించుకుని ఎన్నాళ్ళైందో ఆ పేజీలోనే తేదీ వేయండి. మూడు నెలలు దాటితే పేషెంటుతో ఆసుపత్రికి వెళ్ళిన రోజే మీరూ చూపించుకోండి, దానికోసం వేరే రోజు ఎప్పటికీ దొరకదు.

చికిత్స అయిపోయిందని డాక్టరు చెప్పాక కూడా ఈ లెక్క రెండు మూడు నెలలు ఆపకండి. అన్నాళ్ళూ పరుగులో ఉన్న ఒళ్ళు అప్పుడే కూలబడుతుంది. ఇంట్లోవాళ్ళేమో “ఇంక అంతా బాగైంది కదా” అని పనులన్నీ మళ్ళీ మీకే అప్పజెప్తారు. క్యాలెండరులో మరిది పేరు, ఆడబిడ్డ పేరు ఉన్న గళ్ళు అప్పుడు కూడా అలాగే ఉంచండి, చెకప్‌లు ఇంకా ఉన్నాయి.